నేల విడిచి సాము: నిజం కొట్లాటలో ఏ విద్య నిలబడుతుంది?

1993 నవంబర్ 12, అమెరికాలోని డెన్వర్ నగరం. ఆర్ట్ జిమ్మర్సన్ అనే ప్రొఫెషనల్ బాక్సర్ ఎడమ చేతికి మాత్రమే గ్లవ్ తొడుక్కుని, కుడి చెయ్యి ఖాళీగా వదిలేసి, ఎనిమిది మూలల కంచె బరిలోకి దిగాడు. ఎదురుగా 80 కిలోలకు అటూ ఇటూగా ఉన్న బక్కపల్చని బ్రెజిల్ కుర్రాడు రాయిస్ గ్రేసీ. జిమ్మర్సన్ ఒక్క గట్టి గుద్దు కూడా గుద్దలేకపోయాడు. గ్రేసీ దూసుకొచ్చి వాటేసుకుని, నేల మీద పడేసి, గుండెల మీదికెక్కి కూర్చున్నాడు. గ్లవ్ ఉన్న చెయ్యీ, లేని చెయ్యీ రెండూ ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఎముక విరగలేదు, రక్తం రాలేదు. మీదున్నవాణ్ని ఎలా దించాలో తెలియక, 2 నిమిషాల 18 సెకన్లకు జిమ్మర్సన్ చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు.

ఏ విద్య వాడైనా దిగగల యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ చాంపియన్‌షిప్) పోటీలు మొదలైన రాత్రి అది. ఆ రాత్రి మొదటి పోటీ ఇంకా చిత్రంగా జరిగింది. కాళ్లతో తన్నడమే ప్రధానమైన ఫ్రెంచి విద్య సవాతెలో ఆరితేరిన డచ్చివాడు గెరార్డ్ గోర్డో, దాదాపు 190 కిలోల సుమో వస్తాదు టైలా తులి కింద పడగానే ముఖం మీద ఒక్క తన్ను తన్నాడు. తులి పన్ను ఊడి ప్రేక్షకుల వైపు ఎగిరింది. అరనిమిషంలోపే అంతా అయిపోయింది. ఫైనల్లో అదే గోర్డోను గ్రేసీ రెండు నిమిషాలు కూడా పట్టకుండా మెడపట్టుతో లొంగదీశాడు.

ఏ విద్య గొప్పది అన్న వాదన పాతదే. 1980ల్లో మన ఊళ్లలో బడి వదిలాక పిల్లలు "కరాటే గొప్పా, కుంగ్‌ఫూ గొప్పా" అని కొట్టుకున్నంత పని చేసేవారు. సుమన్, భానుచందర్ లాంటి కరాటే నేర్చిన నటులు తెర మీద వెలుగుతున్న రోజులవి. చిన్న టౌన్లలో కూడా తెల్లబట్టల క్లాసులు వెలిశాయి. ఆ వాదనకు డెన్వర్‌లో తీర్పు వచ్చేసిందని చాలామంది అనుకున్నారు. నేల మీద పట్లతో లొంగదీసే గ్రేసీ విద్య జియుజిత్సే గెలిచింది కదా, ఇంక మాటలెందుకు అని. కానీ ఆ తీర్పులో సగమే నిజం.

ఆ పోటీని మొదలుపెట్టినవాళ్లలో రాయిస్ అన్న రోరియన్ గ్రేసీ ఒకడు. తమ ఇంటి విద్యను అమెరికాకు చూపించాలన్నది ఆయన కోరిక. కండలు తిరిగిన మరో తమ్ముడు రిక్సన్‌ని పక్కనపెట్టి బక్కపల్చని రాయిస్‌ని దించింది అందుకే. గెలిస్తే కండ గెలిచిందని కాకుండా విద్య గెలిచిందని జనం అనుకోవాలి కదా. పైగా వచ్చినవాళ్లలో ఒకరిద్దరికి తప్ప నేల మీది పట్లంటే ఏమిటో తెలియదు. గ్రేసీలకు మాత్రం గుద్దేవాళ్లూ తన్నేవాళ్లూ కొత్త కాదు. బ్రెజిల్‌లో ఇతర విద్యల వాళ్లను తొడగొట్టి పిలిచి కొట్లాడటం ఆ కుటుంబానికి తరాల అలవాటు. ఒకడు ప్రశ్నపత్రం తెలిసి పరీక్షకు వచ్చాడు, మిగతావాళ్లు సిలబస్ ఏమిటో తెలియకుండా వచ్చారు.

గుట్టు ఎంతోకాలం దాగలేదు. 1994 డిసెంబర్‌లో డాన్ సెవెర్న్ అనే కుస్తీ వీరుడు రాయిస్‌ని పావుగంట సేపు కింద అదిమిపెట్టి ఉంచాడు. చివరికి రాయిస్ కాళ్లతో మెడకు వేసిన త్రికోణం పట్టుకు సెవెర్న్ లొంగిపోయాడు గానీ, దారి మాత్రం అందరికీ కనిపించింది. తర్వాత రెండు మూడేళ్లు మార్క్ కోల్‌మన్ లాంటి కుస్తీవాళ్ల రాజ్యం నడిచింది. 1997లో మారిస్ స్మిత్ అనే కిక్‌బాక్సర్ ఆ కోల్‌మన్‌ని ఓడించాడు. కింద పడ్డా కంగారు పడకుండా కాచుకుని, అవతలివాడికి ఆయాసం వచ్చాక లేచి తన్నడం మొదలుపెట్టాడు. 2000 మే 1న టోక్యోలో కజుషి సకురాబా గంటన్నర సేపు పోరాడి రాయిస్‌ని లేవలేని స్థితికి తెచ్చాడు. చివరికి గ్రేసీల వైపు నుంచే తువ్వాలు పడింది. ఎత్తుకు పైఎత్తు అంటే ఇదే.

పదేళ్లు తిరిగేసరికి ఒకే విద్య పట్టుకుని ఆ బరిలోకి దిగేవాళ్లు దాదాపు కనుమరుగయ్యారు. చేతులు బాక్సింగ్ నుంచి, మోకాళ్లూ మోచేతులూ థాయ్ బాక్సింగ్ నుంచి, పడేయడం కుస్తీ నుంచి, పట్లు జియుజిత్సు నుంచి తెచ్చుకుని కలిపి సాధన చేయడమే మామూలైంది. కాబట్టి "ఏ విద్య గొప్పది" అనే ప్రశ్న ఆ బరిలో ఎప్పుడో పాతబడిపోయింది. బయట మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

కానో లెక్క

కొన్ని విద్యలు బరిలో నిలబడి కొన్ని ఎందుకు నిలబడలేదు? జవాబు కోసం 1882కు వెళ్లాలి. ఆ ఏడాది జిగోరో కానో టోక్యోలోని ఒక గుడిలో కొద్దిమంది శిష్యులతో కోడోకన్ అనే బడి పెట్టాడు. అక్కడ ఆయన నేర్పిన విద్యే జూడో. అప్పటికి జపాన్‌లో జుజుత్సు అనే పాత కొట్లాట విద్య నేర్పే బళ్లు చాలానే ఉన్నాయి. వాటిలో వేళ్లు విరవడం, కళ్లు పొడవడం, మర్మస్థానాల మీద కొట్టడం లాంటివి నేర్పేవారు. చిక్కల్లా ఒకటే. అవి తోటి శిష్యుడి మీద నిజంగా ప్రయోగించడం కుదరదు. అందుకని ఒకడు చెయ్యి చాపుతాడు, రెండోవాడు మెల్లగా తిప్పుతాడు, మొదటివాడు ఒద్దికగా పడిపోతాడు. ఇద్దరికీ విద్య వచ్చేసిందనిపిస్తుంది.

కానో ఆ ప్రమాదకరమైనవన్నీ పెనుగులాట నుంచి తీసేశాడు. మిగిలినవాటితో ఇద్దరూ పూర్తి బలంతో తలపడే రందోరిని రోజువారీ సాధనకు గుండెకాయ చేశాడు. అవతలివాడు పడనంటాడు, ఎదురు లాగుతాడు, మోసం చేస్తాడు. అలాంటివాణ్ని పడేయాలి. 1880ల్లో టోక్యో పోలీసు శాఖ పెట్టిన పోటీల్లో కానో శిష్యులు పాత బళ్ల వాళ్లను వరసగా ఓడించి పేరు తెచ్చుకున్నారు.

ప్రాణాలు తీసే విద్య నేర్చినవాడు ఓడి, కోరలు పీకేసిన విద్య నేర్చినవాడు గెలవడం వింతగా ఉంటుంది. ఆలోచిస్తే వింతేమీ లేదు. జూడో విద్యార్థి రెండేళ్లలో తనను ఎదిరించేవాణ్ని కొన్ని వేలసార్లు పట్టుకుని ఉంటాడు. కళ్లు పొడిచే విద్య నేర్చినవాడు రెండేళ్లలో ఒక్క కన్ను కూడా పొడిచి ఉండడు. తెలుగులో దీనికి ఎప్పటి నుంచో మాట ఉంది: నేల విడిచి సాము. సాము గరిడీలు నేర్పిన తాలింఖానాల వాళ్లు అన్న మాటే అయ్యుండాలి.

ఈ తేడా కళ్లారా చూడాలంటే 1954 జనవరిలో మకావ్‌లో జరిగిన పోటీ ఉంది. నెమ్మది కదలికల చైనా విద్య తైచీ నేర్పే గురువు వూ గొంగ్యీ, తెల్లకొంగ పద్ధతి గురువు చాన్ హక్‌ఫూ అగ్నిప్రమాద బాధితుల సహాయ నిధి కోసం వేదిక ఎక్కారు. హాంకాంగ్ పత్రికలు వారాల తరబడి ఊదరగొట్టాయి. ఆ రోజు తీసిన నలుపు తెలుపు ఫిల్ము ఇప్పటికీ చూడొచ్చు. ఇద్దరూ పెద్ద పేరున్న గురువులే. కానీ దెబ్బలు సగం గాలిలోకి పోతాయి, అడుగులు తడబడతాయి, చేతులు కొడవళ్లలా తిరుగుతాయి. చాన్ ముక్కు పగిలి రక్తం కారింది. రెండో రౌండ్‌లోనే ఆపేసి, గెలుపోటములు లేవన్నారు. నేర్చిన భంగిమల్లో ఒక్కటైనా అందులో వెతికి పట్టుకోవడం కష్టం. చిత్రమేమిటంటే, ఈ చప్పటి కొట్లాట రేపిన వేడిలోనే హాంకాంగ్ పత్రికల్లో కొత్తతరం కత్తియుద్ధ వీరుల సీరియల్ నవలలు మొదలయ్యాయి. వేదిక మీద లేనిదంతా కాగితం మీదికి వచ్చింది.

2017 ఏప్రిల్‌లో చెంగ్‌డూలో షూ షియావోడాంగ్ అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (అన్ని విద్యలూ కలిపిన పోరు) కోచ్, వెయ్ లెయ్ అనే తైచీ గురువుతో తలపడ్డాడు. అరనిమిషం కూడా పట్టలేదు. షూ ప్రపంచ చాంపియనేమీ కాదు, వయసు కూడా ముప్పై దాటిపోయింది. రోజూ ఎవరో ఒకరితో తన్నులు తింటూ, తంతూ ఉండేవాడు, అంతే. చైనా వూషూ (యుద్ధ విద్యల) సంఘం మాత్రం ఓడినవాడి సాధనను కాదు, గెలిచినవాడి నడవడికనే తప్పుపట్టింది.

తైచీని వెక్కిరించాల్సిన పని లేదు. పెద్ద వయసువాళ్లు కింద పడిపోకుండా నిలకడ పెంచడానికి అది ఉపయోగపడుతుందని వైద్య పరిశోధనలే చెబుతున్నాయి. అది మంచి వ్యాయామం. దాన్ని కొట్లాట విద్యగా అమ్మినప్పుడే తంటా.

కరాటే విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ పేరుతో నడిచేదంతా ఒకటి కాదు. లియోటో మచీడా చిన్నప్పటి నుంచి తండ్రి దగ్గర షోటోకాన్ కరాటే నేర్చి, దాని దూరం లెక్కతోనే 2009లో యూఎఫ్‌సీ లైట్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. మరో యూఎఫ్‌సీ చాంపియన్ జార్జెస్ సెయింట్ పియర్ పునాది క్యోకుషిన్ కరాటే. అదే కరాటే పేరుతో సాయంత్రం గంటసేపు గాలిలో గుద్దించి, ఏడాదికోసారి పెంకులు పగలగొట్టించి, పరీక్ష ఫీజు కట్టించుకుని రంగు బెల్టు ఇచ్చే క్లాసులూ ఉన్నాయి. పెంకు కదలదు, తప్పుకోదు, తిరిగి గుద్దదు.

రూల్స్ మిగిల్చే కంతలు

ఎదిరించేవాడితో సాధన ఉన్నా పూర్తిగా సరిపోదు. ప్రతి క్రీడకూ నియమాలు ఉంటాయి. ఆ నియమాలు దేన్ని వద్దంటాయో, అక్కడ ఆటగాడికి కాచుకునే అలవాటు పోతుంది.

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ మన దేశపు కుస్తీ చరిత్రలోనే ఉంది. 1910 సెప్టెంబర్ 10న లండన్‌లో గామా పహిల్వాన్, పోలండ్ వస్తాదు స్తానిస్లావ్ జ్బిష్కోతో తలపడ్డాడు. గామా పొట్టి మనిషి, జ్బిష్కో అంతకంటే బరువైనవాడు. మొదటి నిమిషంలోనే గామా అతన్ని కిందికి తెచ్చాడు. అంతే, జ్బిష్కో నేలకు అతుక్కుపోయాడు. మోకాళ్లూ చేతులూ నేలకానించి, తాబేలులా ముడుచుకుని, రెండున్నర గంటలకు పైగా అలాగే ఉండిపోయాడు. గామా ఎటు తిప్పినా తిరగలేదు. వెల్లకిలా పడి భుజాలు నేలకు తగిలితేనే ఓటమి కాబట్టి, తగలకుండా చూసుకోవడమే ఎత్తు. మ్యాచ్ డ్రా అయింది. వారం తర్వాత మళ్లీ పెట్టిన పోటీకి జ్బిష్కో రాలేదు, బెల్టు గామాకు దక్కింది. 1928లో పటియాలాలో మళ్లీ తలపడ్డప్పుడు గామా నిమిషంలోపే చిత్తు చేశాడు.

లండన్‌లో జ్బిష్కో వేసిన ఎత్తు కుస్తీ నియమాల్లో తెలివైనదే. జనం ఈసడించుకున్నా తప్పేమీ కాదు. అదే భంగిమలో రోడ్డు మీద ఉంటే రెండున్నర గంటలు కాదు, పది సెకన్లు కూడా గడవవు. తల, పక్కటెముకలు అవతలివాడి కాళ్లకు అందుబాటులో ఉంటాయి.

ఇలాంటి కంతలు ప్రతి విద్యలోనూ కనిపిస్తాయి. ఒలింపిక్ తైక్వాండోలో చేత్తో ముఖం మీద గుద్దడం నిషేధం కాబట్టి చేతులు కిందికి జారతాయి. క్యోకుషిన్‌లోనూ పోటీలో ముఖం మీద పిడికిలి పడదు. అందుకే ఛాతీకి ఛాతీ ఆనించి గుద్దుకునే అలవాటు వస్తుంది. జూడోలో 2010 తర్వాత కాళ్లు పట్టుకుని పడేయడాన్ని తీసేశారు, కొత్తతరం దానికి కాచుకోవడం మర్చిపోతోంది. జియుజిత్సు పోటీల్లో తనంతట తాను వెల్లకిలా పడుకుని అవతలివాణ్ని కాళ్ల మధ్యకు లాక్కునేవాళ్లు కోకొల్లలు. కుస్తీలో వెల్లకిలా పడితే చిత్తయినట్టు, జియుజిత్సులో అక్కడి నుంచే ఆట మొదలు. కింద పడ్డా పైచేయి నాదే అనే సామెత ఆ ఒక్క విద్యకే అక్షరాలా సరిపోతుంది.

నియమాలు మారితే గెలుపు ఎలా తిరగబడుతుందో చెప్పడానికి రెండు పోటీలు చాలు. 2010లో జేమ్స్ టోనీ, బాక్సింగ్‌లో మూడు బరువు విభాగాల్లో ప్రపంచ చాంపియన్ అయినవాడు, యూఎఫ్‌సీలో రాండీ కూచర్ ఎదుట నిలబడ్డాడు. కూచర్ కుస్తీవాడు, అప్పటికి వయసు 47. వంగి మడమ పట్టుకుని లాగితే టోనీ కొన్ని సెకన్లలోనే నేల మీద ఉన్నాడు. మొదటి రౌండ్ దాటలేదు. 2017లో తలకిందులుగా జరిగింది. యూఎఫ్‌సీ చాంపియన్ కోనర్ మెక్‌గ్రెగర్ బాక్సింగ్ నియమాల్లో ఫ్లాయిడ్ మేవెదర్‌తో తలపడి పదో రౌండ్‌లో నిలబడలేకపోయాడు. అప్పటికి మేవెదర్ వయసు 40. ఇద్దరూ అవతలివాడి ఇంటికెళ్లి ఓడారు.

వీధి ఏం అడుగుతుంది

బరిలో గెలిచేది వీధిలోనూ గెలుస్తుందా? ముందు వీధి కొట్లాట ఎలా ఉంటుందో చూడాలి. సినిమా హాలు పార్కింగ్‌లోనో, పెళ్లి ఊరేగింపులో డీజే ముందో మాటామాటా పెరుగుతుంది. "ఏంట్రా?" "ఏంట్రా అంటే ఏంట్రా?" ఛాతీకి ఛాతీ ఆనుతుంది. ఒకడు రెండోవాడి కాలర్ పట్టుకుంటాడు. నెట్టుకుంటారు, చెంపదెబ్బ పడుతుంది, జుట్టు చేతికి దొరుకుతుంది. ఈలోగా నలుగురు విడదీయడానికి వస్తారు. వాళ్లలో ఇద్దరు విడదీస్తున్నట్టు నటిస్తూ ఒకడి చేతులు వెనక్కి పట్టుకుంటారు.

ఆరడుగుల దూరంలో చేతులెత్తి నిలబడి మొదలయ్యే కొట్లాట ఇందులో ఎక్కడా లేదు. తన్నుల మీద నడిచే విద్యలకు ఇక్కడే చోటు చాలదు. బిగుతు జీన్సో లుంగీయో కట్టుకుని, కాలికి హవాయి చెప్పులేసుకుని, ఇసుకో ఆయిలో ఉన్న నేల మీద తలెత్తున తన్నడం అటుంచి, ఒంటికాలి మీద నిలబడటమే కష్టం. కాలర్ పట్టుకోవడం మాత్రం జూడోవాడికి రోజూ క్లాసు మొదలయ్యే చోటే. అవతలివాడు కాలర్ పట్టి ముందుకు నెడుతుంటే జూడోవాడు ఎదురు నెట్టడు. వాడి మోచేతి దగ్గర చొక్కా మడతను అందుకుని, నెట్టే వైపే ఇంకాస్త లాగుతూ, గిరుక్కున వీపు తిప్పి తన నడుమును వాడి నడుం కిందికి దూరుస్తాడు. నెట్టిన ఊపంతా ఆ నడుం మీదుగా సాగి నేలకు చేరుతుంది. సెకను పని.

ఆ నేల క్లాసులో పరిచిన చాప కాదు, సిమెంటు రోడ్డు. వీధి కొట్లాటల్లో ప్రాణాలు పోవడానికి గుద్దు కంటే, ఆ గుద్దుకు తూలిపడి తల గట్టునేలకు కొట్టుకోవడమే కారణమైన సందర్భాలు ఎన్నో. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఇలాంటి ఒక్క గుద్దు చావుల మీద 2014లో ప్రత్యేక చట్టమే చేసింది. తాగి కొట్టినవాడి గుద్దుకు మనిషి చనిపోతే కనీసం 8 ఏళ్ల జైలు.

మన చట్టం కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ నుంచి ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతుంది. ఆ హక్కు కాచుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే. పోలీసుల దగ్గరికి వెళ్లే వ్యవధి ఉంటే అదీ లేదు. 116వ సెక్షన్ తీవ్రగాయం అంటే ఏమిటో చెబుతూ ఎముక విరగడంతో పాటు పన్ను విరగడాన్నీ, ఊడటాన్నీ లెక్కేసింది. డెన్వర్‌లో చప్పట్ల మధ్య ఎగిరిన ఆ పన్ను ఇక్కడ ఏ బస్టాండులోనో ఎగిరితే ఏడేళ్ల దాకా జైలు శిక్షకు వీలుంది. బెల్టు రంగుతో కోర్టుకు పని లేదు.

బాక్సింగ్ సంగతికొస్తే, చేతులతో జరిగే కొట్లాటలో దానికి సాటి వచ్చేది తక్కువ. కదలడం, దూరం చూసుకోవడం, దెబ్బ పడ్డా కళ్లు మూసుకోకపోవడం అది నేర్పినంత త్వరగా వేరేది నేర్పదు. నిజామాబాద్ నుంచి వచ్చి 2022, 2023లలో వరసగా రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్ ఎదుట ఏ పోకిరీ అయినా రెండడుగులు వెనక్కి వేయాల్సిందే. కానీ బాక్సర్ పిడికిలికి బ్యాండేజీ, దాని మీద గ్లవ్ అలవాటు. గ్లవ్ కాపాడేది ఎక్కువగా కొట్టేవాడి చేతినే. 1988 ఆగస్టులో అప్పటి హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్ మైక్ టైసన్ న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో తెల్లవారుజామున మిచ్ గ్రీన్ అనే మరో బాక్సర్‌తో వీధిలో తలపడ్డాడు. గ్రీన్ కన్ను వాచింది, టైసన్ కుడి చెయ్యి విరిగింది. ప్రపంచంలోకెల్లా గట్టిగా గుద్దేవాడి గతే అదైతే మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. చిటికెన వేలి వెనక ఎముక విరగడాన్ని డాక్టర్లు బాక్సర్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. పన్ను గీరుకున్న పిడికిలికి చీము పట్టి ఆపరేషన్ దాకా వెళ్లడమూ ఎమర్జెన్సీ వార్డుల్లో మామూలే.

జియుజిత్సు అభిమానులు తరచు చెప్పే మాట, వీధి కొట్లాటల్లో 90 శాతం నేల మీదే ముగుస్తాయని. ఈ అంకెకు మూలం వెతికితే లాస్ ఏంజెలిస్ పోలీసులు 1988 నాటి తమ ఘటనలను పరిశీలించిన నివేదిక దగ్గరికి వెళ్తాం. అందులో తేలింది దాదాపు మూడింట రెండు వంతులు. పైగా అవి పోలీసులు పట్టుకోబోయిన మనుషులతో జరిగిన పెనుగులాటలు. బేడీలు వేయాలంటే ఎవరినైనా కింద పడేయాల్సిందే కదా. పార్కింగ్‌లో తాగుబోతుతో వచ్చే తగాదాకు ఆ లెక్క సరిపోదు.

అలాగని నేల విద్య వద్దనలేం. కింద పడితే లేవడం ఎలాగో తెలియాలి, మీద ఎక్కినవాణ్ని దించడం తెలియాలి. జిమ్మర్సన్‌కు కరువైంది అదే. వెనక నుంచి మెడకు వేసే పట్టు లాంటిదైతే కండబలంతో సంబంధం లేకుండా పనిచేస్తుంది. మెడకు రెండు పక్కలా ఉన్న రక్తనాళాలు ఒకేసారి నొక్కుకుపోతే ఎంత భారీ మనిషైనా పది సెకన్లకు అటూ ఇటూగా స్పృహ తప్పుతాడు. వదలకుండా ఇంకా బిగిస్తే ప్రాణానికే ముప్పు, నిన్నగాక మొన్న నేర్చినవాడికి ఎప్పుడు వదలాలో తెలియకపోవచ్చు. అయితే ఒకడి మెడ పట్టుకుని నేల మీద ఉన్నప్పుడు వాడి స్నేహితుడు పక్కనే నిలబడి ఉంటే మొత్తం లెక్క తారుమారవుతుంది. గుంపు ఉన్నచోట నేల మీదికి కావాలని వెళ్లడం తెలివితక్కువ.

అందుకే ఈ విద్యల్లో వీధికి ఎక్కువ పనికొచ్చేది నిలబడి పట్టుకునేవే అనిపిస్తుంది. కుస్తీ, జూడో నేర్చినవాడు పడేయాలో వద్దో తానే నిర్ణయించుకోగలడు, తాను నిలబడి ఉండగలడు, కావాలంటే విదిలించుకుని పరిగెత్తగలడు. దానికి ఏడాది బాక్సింగ్ తోడైతే మామూలు మనిషికి అంతకుమించి అక్కర్లేదు. మన ఊళ్లలో మట్టి గోదాలు మూతపడి వాటి చోట జిమ్ములు రావడం ఈ కోణంలో చూస్తే నష్టమే.

కత్తి బయటికొస్తే మాత్రం పైన చెప్పినవన్నీ వెనక్కి పోతాయి. 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు సార్జెంట్ డెన్నిస్ ట్యూలర్ లెక్కగట్టి చూశాడు. కత్తి పట్టుకున్న మామూలు మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు సెకనున్నరలో దాటేస్తాడు. నడుముకు తుపాకి ఉన్న పోలీసుకు అది తీసి కాల్చడానికీ అంతే సమయం. ఉత్త చేతులవాడి సంగతి ఊహించుకోవచ్చు. క్లాసులో రబ్బరు కత్తి పట్టుకున్నవాడు ఒక్కసారి పొడిచి చెయ్యి అలాగే చాపి ఉంచుతాడు, తిప్పి లాక్కోవడానికి వీలుగా. నిజంగా పొడిచేవాడు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వరసగా పొడుస్తూనే ఉంటాడు. రాయలసీమ ఫ్యాక్షన్ రోజుల్లో వేటకొడవళ్లకూ నాటుబాంబులకూ ఎవరూ కరాటేతో జవాబు చెప్పలేదు. మనుషులను వెంటేసుకుని తిరగడం, దారులు మార్చడం, ఊరు వదిలిపోవడం, అప్పట్లో కనిపించిన రక్షణలు అవే.

పన్నెండు గంటల చదువు

ఇంతవరకు చెప్పినదంతా ఇద్దరు మగవాళ్ల కొట్లాట. ఆడవాళ్ల మీద జరిగే దాడులు వేరే రకం. అక్కడ దాడి చేసేవాడు చాలాసార్లు తెలిసినవాడే. కాలరూ ఉండదు, కాలు దువ్వడమూ ఉండదు. నిజానికి ఆత్మరక్షణ శిక్షణ పనిచేస్తుందా లేదా అని గట్టిగా కొలిచి చూసింది ఈ రంగంలోనే. కెనడాలో మూడు యూనివర్సిటీల్లో 893 మంది మొదటి ఏడాది విద్యార్థినులను రెండు బృందాలుగా విడదీసి, ఒక బృందానికి మూడేసి గంటల చొప్పున నాలుగు క్లాసుల శిక్షణ ఇచ్చారు. రెండో బృందానికి కరపత్రాలు ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే అత్యాచారానికి గురైనవాళ్లు కరపత్రాల బృందంలో 9.8 శాతం, శిక్షణ బృందంలో 5.2 శాతం. ఫలితాలు 2015లో అచ్చయ్యాయి.

ఆ పన్నెండు గంటల్లో ఒంటితో చేసే సాధన కొంత భాగమే. మిగతాదంతా వేరే. పరిచయస్తుడి ప్రవర్తనలో ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో గుర్తుపట్టడం. "బాగోదేమో, ఏమనుకుంటాడో" అనే మొహమాటాన్ని దాటడం. గట్టిగా అరవడం, వద్దని చెప్పడం, ఆ తర్వాత కొట్టడం. బళ్లలో ఆడపిల్లలకు ఆత్మరక్షణ పేరుతో వారం రోజులు పిడిగుద్దులు నేర్పి ఫొటోలు దిగే కార్యక్రమాల్లో సరిగ్గా ఈ ముందు భాగమే కనిపించదు.

క్లాసులో చివరి ఇరవై నిమిషాలు

ఇంటి దగ్గర్లో ఏ క్లాసు ఉందో అందులోనే చేరతారు ఎవరైనా. విజయవాడలో ఉన్నవాళ్లు జియుజిత్సు కోసం బ్రెజిల్ వెళ్లరు. కాబట్టి బోర్డు మీది పేరు కంటే లోపల జరిగేది చూడటం మేలు. చేరేముందు ఒక సాయంత్రం వెళ్లి మూల కూర్చుంటే చాలు. మొదటి అరగంట అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది: పరుగు, బస్కీలు, వరసలో నిలబడి ఒకే కదలిక. చివరి ఇరవై నిమిషాలు చూడాలి. ఇద్దరిద్దరు విడిపోయి, మౌత్‌గార్డ్ పెట్టుకునో, చాప మీద పెనుగులాడుతూనో, అవతలివాడు ఒప్పుకోకుండా ఉండగా నేర్చినది చేయడానికి తంటాలు పడుతున్నారా? పాత శిష్యుడు కొత్తవాడి చేతిలో అప్పుడప్పుడూ చిక్కుతున్నాడా? చిక్కినప్పుడు నవ్వుకుని మళ్లీ మొదలుపెడుతున్నారా? గురువు కూడా ఒకరిద్దరితో దిగి చెమటలు కక్కుతున్నాడా, లేక తాకీతాకకముందే ఎగిరిపడే శిష్యుల మధ్య నిలబడి ఉన్నాడా?

పిల్లల కోసమైతే ఇంకో మాట అడగాలి, తలకు దెబ్బ తగిలే స్పారింగ్ ఎంత వయసు నుంచి చేయిస్తారని. పదేళ్ల పిల్లవాడికి కుస్తీ, జూడో, జియుజిత్సుల్లో పెనుగులాట సరిపోతుంది. తల మీద గుద్దులకు తొందరేమీ లేదు. బెల్టు పరీక్ష ఫీజు ఎంత, ఏడాదికి ఎన్ని పరీక్షలు అన్నది కూడా ముందే తెలుసుకుంటే నయం.